కర్త లేని వాక్యం

చేనేత కుటుంబాల్లో స్త్రీల శ్రమ గురించిన పని మీద హిందూపురం నుంచి ధర్మవరం వెళ్తూ ఈ మధ్య పెనుకొండలో ఒక రాత్రి ఉన్నాను. 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల తయారీ మొదలయ్యాక ఈ దారిలో కొత్త హోటళ్లు, కొరియన్ అక్షరాల బోర్డులు కనిపిస్తున్నాయి. నా గదిలో మంచం పక్కన ఒక ఆకుపచ్చ కార్డు ఉంది. సాహిత్యం చదువుకున్నదాన్ని, ఏ కాగితాన్నయినా పాఠంగా చదవడం అలవాటైపోయింది.

ప్రకృతిని కాపాడడంలో తమకు సహకరించమంటోంది కార్డు. తువ్వాలు కొక్కేనికి తగిలిస్తే మళ్లీ వాడుకుంటామని అర్థం. నేల మీద వేస్తే 'మార్చబడుతుంది'. తెలుగుకి అంతగా పొసగని ఈ కర్మణి ప్రయోగం అనువాదం వల్ల వచ్చిందే కావచ్చు. కానీ 'మారుస్తుంది' అని రాస్తే ఎవరు అన్న ప్రశ్న వస్తుంది. కార్డులో 'మీరు' ఉన్నారు, 'మేము' ఉంది, భూమాత కూడా ఉంది. నేల మీది తువ్వాలును వంగి తీసే స్త్రీ లేదు.

ఇలాంటి కార్డులను విమర్శించినవాళ్లు ఇదివరకే ఉన్నారు. ఖర్చు తగ్గించుకుంటూ దానికి ప్రకృతి పేరు పెడుతున్నారని 1986లో జే వెస్టర్‌వెల్డ్ అనే అమెరికన్ రాశాడు. 'గ్రీన్‌వాషింగ్' అన్న మాట అలా పుట్టింది. 2008లో గోల్డ్‌స్టీన్, చాల్దీని, గ్రిస్కెవిషియస్ ఒక అమెరికన్ హోటల్లో చేసిన ప్రయోగాన్ని ప్రచురించారు. పర్యావరణం కోసమని అడిగితే 35 శాతం మంది తువ్వాలు మళ్లీ వాడారు. తోటి అతిథుల్లో ఎక్కువమంది వాడుతున్నారని చెబితే 44 శాతం వాడారు. రెండు చోట్లా చర్చ హోటలుకీ అతిథికీ మధ్యనే సాగింది.

మూడో మనిషి మాట వేరే చోట వినబడింది. గది శుభ్రం చేయవద్దన్న అతిథులకు స్టార్‌వుడ్ హోటళ్లు 'మేక్ ఎ గ్రీన్ చాయిస్' పేరుతో కూపన్లు ఇచ్చాయి. దానివల్ల తమ పనిగంటలు తగ్గాయనీ, రోజుల తరబడి పేరుకున్న మురికిని ఒకేసారి తీయాల్సివస్తోందనీ అక్కడి కార్మికులు చెప్పారు. అతిథి పుణ్యానికి ఖరీదు వాళ్లు కట్టారు.

మర్నాడు పొద్దున్నే గది తుడవడానికి ఒకామె వచ్చింది. నలభై దాటి ఉంటాయి. కార్డు చూపించి, "ఇందులో ఏం రాశారో తెలుసా అక్కా?" అన్నాను.

"నీళ్లు పొదుపుగా వాడమని గదా మేడం! మేం ఇంటికాడ బిందెలు లెక్కబెట్టుకుని వాడతాం. మాకేం చెప్పాల్సిన పన్లేదు" అని నవ్వింది. ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉండే నేల ఇది. పొదుపు ఇక్కడి ఆడవాళ్లు చిన్నప్పుడే నేర్చుకునే విద్య.

ఆమె వేళ్ల చివర్ల చర్మం లేచిపోయి ఉంది. "ఆసిడ్ మేడం. ఆ ఘాటుకి బాత్రూంలో ఊపిరాడదు" అంది. ఆసిడ్, బ్లీచింగు కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన ఆ చిన్న గదిలో దాన్ని పీల్చేది ఆమే. ఘాటు రసాయనాలు మానేస్తే మురుగునీటి కన్నా ముందు మేలు జరిగేది ఆమె ఊపిరితిత్తులకు. కానీ తువ్వాలు అతిథికి కనిపిస్తుంది, ఆసిడ్ సీసా కనిపించదు. కార్డు కనిపించేదాని గురించే మాట్లాడింది.

ధర్మవరంలో కండెలు చుట్టే స్త్రీలను కలిసినప్పుడు ఈ వాక్యమే మళ్లీ గుర్తొచ్చింది. చీర మగ్గం మీద కూర్చున్నవాళ్ల పేరున లెక్కకొస్తుంది. కండెలు ఎవరు చుట్టారని ఎవరూ అడగరు.

నేను తువ్వాలు కొక్కేనికే తగిలించాను. నీటి కరువు అబద్ధం కాదు. అయితే ఆ కార్డు మీద ఇంకో రెండు వాక్యాలు చదవాలని ఉంది. 'ఈ గదిని శుభ్రం చేసే ఆమెకు చేతి తొడుగులు ఇచ్చాం, ఆసిడ్ ఇవ్వడం మానేశాం. మీరు ఈ రోజు శుభ్రం చేయవద్దన్నా ఆమె జీతం తగ్గదు.'