మంత్రాన్ని మింగే రాకాసికి ఆకలి ఉండాలి

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో మాంత్రికుడి ఆస్తి అంతా మంత్రాలే. పెద్ద మంత్రాలు రోజుకు ఇన్నని లెక్క. అవి అయిపోతే మళ్లీ విశ్రాంతి తీసుకునేదాకా చిన్నాచితకా వాటితో నెట్టుకురావాలి. అలాంటి ఆటలో మంత్రాలనే తినే రాకాసి ఎదురైతే ప్రాణం కన్నా ముందు ఆస్తికి ఎసరు వస్తుంది. ఆటగాళ్లకు అదంటే హడల్ అందుకే.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల ఈ ఆట 1974లో అచ్చయింది. మరుసటి ఏడాదే గ్రేహాక్ అనుబంధంలో బిహోల్డర్ అనే రాకాసి వచ్చింది. దాని నడిమి కన్ను ఎటు చూస్తే అటు మంత్రం పారదు. 1981 నాటి ఫీండ్ ఫోలియో పుస్తకంలో ఒంటెను పోలిన డిసెన్‌చాంటర్ ఉంది. అది పొడవాటి ముట్టెతో మంత్రాయుధాల మహిమను పీల్చేస్తుంది. కత్తి చేతిలోనే ఉంటుంది, మహిమ మాత్రం ఉండదు.

భారీతనంలో అందరికీ గుర్తొచ్చేది టెరాస్క్. ఫ్రాన్స్‌లోని టరాస్కాన్ ఊరి పురాగాథలో సెయింట్ మార్తా మచ్చిక చేసిన జంతువు పేరే దీనికి పెట్టారు. 2014 నిబంధనల్లో దానికి 676 హిట్ పాయింట్లు. సూటిగా గురిపెట్టే మంత్రాలు చాలావరకు దాని డిప్ప మీద పనిచేయవు. పాచిక వేసి 6 పడితే మంత్రం వేసినవారి మీదికే తిరిగి వస్తుంది. చదవడానికి భయంకరంగానే ఉంటుంది. కానీ ఆ నిబంధనల్లో దూరం నుంచి కొట్టే దాడి దానికి ఒక్కటీ లేదు. ఎగరగలిగినవాడు పైన ఉండి మంత్రించిన బాణాలు వేస్తుంటే అంత రాకాసీ కింద నిలబడి చూడాల్సిందే. కొండంత శరీరం ఇచ్చేటప్పుడు దాని చేయి ఎంతదూరం అందుతుందో కూడా ఆలోచించాలి.

నా అసలు పట్టింపు ఇంకొకటి. మంత్రం తగలకపోవడం వేరు, మంత్రాన్ని తినడం వేరు. తగలకపోతే మాంత్రికుడి వంతు వృథా, అక్కడితో సరి. ప్రతి వంతూ అలాగే పోతే ఓ మనిషి గంటసేపు బల్ల దగ్గర చేతులు ముడుచుకుని కూర్చోవాలి. అది క్రూరమైన రూపకల్పన. తిన్నదైతే లోపలికి వెళ్తుంది, అక్కడేదో చేస్తుంది. ఆట అక్కడే మొదలవుతుంది.

ఉదాహరణకు ఇలా కడదాం. రాకాసి ఎన్నో స్థాయి మంత్రం మింగితే దాని పొట్టలో అన్ని పాయింట్లు చేరతాయి. ఫైర్‌బాల్ మూడో స్థాయిది కనుక అది మింగితే 3. అప్పుడు పక్కటెముకల మధ్య ఎర్రటి వెలుగు కనబడుతుంది. 6కి చేరితే ఆ వెలుగు మెడదాకా పాకుతుంది, నడక వేగం పెరుగుతుంది. 9 అయితే మింగినదంతా ఒక్కసారిగా కక్కేస్తుంది. ఎదురుగా ఉన్నవారి పని అయిపోయినట్టే. కానీ కక్కిన తర్వాత ఒక్క వంతు పాటు దాని చర్మం వదులవుతుంది, కత్తి దిగుతుంది. ఇది కనిపెట్టిన మాంత్రికుడు కావాలనే మేపడం మొదలుపెడతాడు. యోధుడు వెనక కాళ్ల దగ్గర కాచుకుని ఉంటాడు. ఇద్దరికీ పని ఉంది, ఇద్దరి గుండెలూ దడదడలాడుతున్నాయి.

మన జనశ్రుతిలో వాలి బలం కూడా ఇలాంటి నియమమే. ఎదురుగా నిలిచినవాడి బలంలో సగం వాలికే చేరుతుంది. అందుకే అక్కడ బలం పెంచుకుని లాభం లేదు, నిలబడే చోటు మార్చుకోవాలి. మంచి రాకాసి ఆటగాళ్ల చేత ఆ ఆలోచన చేయిస్తుంది.

అయితే కనిపెట్టడానికి ఆనవాళ్లు ఉండాలి. ఎన్నేళ్లుగానో మంత్రంతో వెలిగే ఊరి దీపాలు ఓ రాత్రి ఆరిపోయాయని పోరుకు ముందే తెలియాలి. వైద్యురాలి తాయెత్తు ఉత్త రాయి అయిందని వినబడాలి. ఏళ్ల తరబడి కాపాడుకున్న మంత్రదండాన్ని ఏమీ చెప్పకుండా శాశ్వతంగా మింగించేస్తే ఆటగాడికి కోపం రాకాసి మీద కాదు, ఆట నడిపించే డంజన్ మాస్టర్ మీద వస్తుంది. ఆ కోపం న్యాయమైనదే. మింగినవన్నీ దాని కడుపులోనే ఉన్నాయని, చీల్చితే దొరుకుతాయని ఆశ మిగల్చాలి. వందేళ్ల కింద పోయిన ఎవరి మంత్రాలో కూడా అక్కడ దొరకవచ్చు.

ఇక ఆకలి. తినేదానికి ఆకలి లేకపోతే అది ఉత్త గోడ. ఆకలి ఉంటేనే ఎర వేయవచ్చు, దారి మళ్లించవచ్చు, పస్తు పెట్టి నీరసింపజేయవచ్చు. ఊరికి దూరంగా, ఇంకా మంత్రం చావని పాత మాంత్రికుడి బురుజు ఒకటి మ్యాప్ మీద ముందే గీసి పెట్టండి. అదెందుకో మాత్రం ఎవరికీ చెప్పకండి.