కట్టకు ఫొటో ఎవరు తీస్తారు?

కంభం చెరువుకు నీళ్లొచ్చాయంటే చాలు, ఫోన్లలో ఫొటోలు పొంగుతాయి. ఈ వారమూ అదే వరస. నీళ్ల మీద పొద్దు వాలడం, వెనక కొండలు, ముందు సెల్ఫీ మొహాలు. చూడముచ్చటగానే ఉన్నాయి, కాదనను. ఒక్కదాంట్లోనూ కట్ట లేదు! తీసినవాళ్లలో చాలామంది నిలబడిందేమో కట్ట మీదే. రెండు కొండల సందులోంచి గుండ్లకమ్మ బయటపడే చోట అడ్డం వేయకపోతే అక్కడ చెరువే లేదు. ఆ పని శ్రీకృష్ణదేవరాయల దేవేరి వరదరాజమ్మ చేయించిందని చెప్పుకుంటారు. కట్ట ఎత్తు 57 అడుగులని వందేళ్ల కిందటి గెజిటీరు లెక్క. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ వారసత్వ గుర్తింపు ఇచ్చింది ఈ కట్టడానికే గానీ సూర్యాస్తమయానికి కాదు.

కంపచెట్లు మొలిచిన మట్టిదిబ్బలో ఫొటో తీయడానికేముంది అంటారు. వెలుగు చూసుకుని తీస్తే చాలా ఉంది. మిట్టమధ్యాహ్నం మట్టికి ఫొటో తీయొద్దన్నది ఈ కాలమ్ పాత పాటే. నెత్తిన ఎండ ఉంటే నీడ పడదు, నీడ లేనిదే ఎత్తు తెలియదు. ఇంగ్లండులో క్రాఫర్డ్, కీలర్ అనే ఇద్దరు విమానమెక్కి వెసెక్స్ ప్రాంతపు ప్రాచీన మట్టికోటలను, కందకాలను ఫొటోలు తీసి 1928లో పుస్తకం వేశారు. నేల మీద నడిచేవాడి కంటికి ఆనని గట్లు కూడా ఏటవాలు ఎండలో నీడగీతలై తేలతాయని అలాంటి ఫొటోలే నేర్పాయి. ఇప్పుడు డ్రోన్లున్నాయిగా అనొచ్చు. పన్నెండు గంటలకు ఎగరేస్తే ఎంత ఖరీదైన డ్రోన్‌కైనా కట్ట ఒక మట్టిరోడ్డే. పొద్దున్నే కట్ట దిగువకు దిగి, వాలు మీద ఒక మనిషిని నిలబెట్టి తీస్తే చేతిలోని ఫోనే ఎత్తు చెబుతుంది.

అయితే అందంగా తీసినంత మాత్రాన కట్ట సంగతి తెలిసినట్టేనా? దీనికి జవాబు ఇంకో చెరువు దగ్గర దొరుకుతుంది. గిద్దలూరుకు దక్షిణాన పోరుమామిళ్ల చెరువు ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని 1369 నాటి శాసనంలో ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అందులో లెక్కపెట్టారు. కొండల నడుమ, మరీ పొడుగు కాకుండా గట్టిగా ఉండే కట్ట ఒక అంగం. కంభానికి అచ్చంగా సరిపోయే మాట. ఇక దోషాల్లో మొదట చెప్పింది కట్టలోంచి నీళ్లు ఊరడం. దాన్ని పట్టుకోవాలంటే ఏటవాలు వెలుగుతో పనిలేదు. కట్ట వెనకవైపు అడుగున, ఎండాకాలంలోనూ ఆరని తడిమచ్చ, చుట్టూ అంతా ఎండినా అక్కడ మాత్రం పచ్చగా ఉన్న జానెడు గడ్డి, దాని పక్కన కొలతకు ఒక కర్ర. మధ్యాహ్నం తీసినా, వంకరగా తీసినా, ఎవరూ లైకు కొట్టకపోయినా కట్టకు పనికొచ్చే ఫొటో అదే.

అది ఇంజనీర్ల పని గదా అనొచ్చు. నిజమే, మరమ్మతు వాళ్ల పనే. కానీ వాళ్లు వచ్చేది ఎప్పుడో. బర్రెలు తోలుకుని కట్ట కింద రోజూ నడిచేది ఊరివాళ్లు. నిరుటికీ ఇప్పటికీ మచ్చ పెరిగిందా లేదా అని తేల్చడానికి ఒకే చోటునుంచి ఏటా తీసిన ఫొటోలుంటే వాదన ఉండదు. మీ ఊరి చెరువు ఏదైనా సరే, ఈసారి కట్ట వెనక్కి దిగి ఒకటి తీయండి. తేదీ వేసి దాచండి.