పులికి ఐదు మేకలు, మాంత్రికుడికి ఒక మంత్రం

ఆట పుట్టినప్పటి రూలును ఆడేవాళ్ళు తమ వీలు కొద్దీ సవరించుకుంటే అది ఇంటి రూలు. తెలుగు ఊళ్ళల్లో దీనికి వేరే పేరు లేదు. "మా ఊళ్ళో ఇలాగే ఆడతాం" అన్న మాటే దాని శాసనం. అష్టాచెమ్మాలో ఎదుటివాడి కాయ ఒక్కటైనా చంపనిదే లోపలి గళ్ళలోకి పోనివ్వకపోవడం ఒక ఇంట్లో రూలు, పక్కింట్లో తొండి. ఇలాంటి ఆటల్లో ఏం మార్చినా పెద్ద ప్రమాదం లేదు. అందరివీ ఒకే రకం కాయలు, అవే గవ్వలు, కాబట్టి మార్పు అందరికీ ఒకేలా తగులుతుంది. చిక్కంతా బలాలు వేరువేరుగా ఉన్న ఆటల్లోనే.

వాటిలో తెలుగువాళ్ళకు బాగా తెలిసినది పులిజూదం. జంగారెడ్డిగూడెం వైపు మెట్ట ఊళ్ళల్లో దీనికి ఖర్చేమీ లేదు. అరుగు మీద సుద్దముక్కతో ఒక త్రికోణం, దాన్ని అడ్డంగా కోసే గీతలు, పులులకు మూడు జీడిపిక్కలో గులకరాళ్ళో, మేకలకు పదిహేను చింతపిక్కలు ఉంటే చాలు. గీతలు కలిసే చోట్లు 23. పులులు శిఖరం దగ్గర కూర్చుంటాయి. మేకలు ఒక్కొక్కటే దిగుతాయి. 15 దిగేదాకా ఏ మేకా కదలకూడదు. పులి మాత్రం మొదటినుంచీ కదులుతుంది, పక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీలోకి దూకి దాన్ని తినేస్తుంది. పులులు కదలలేకుండా కట్టేస్తే మేకలది గెలుపు.

ఈ ఆటలో బేరం ఎక్కడుందో లెక్కేస్తే తెలుస్తుంది. మేకలన్నీ బతికి దిగితే 18 చోట్లు నిండి ఐదే ఖాళీలు మిగులుతాయి, పులికి ఊపిరాడదు. ఐదు మేకలు పోతే ఖాళీలు పదవుతాయి, ఇక కట్టెయ్యడం కష్టం. అందుకే ఎన్ని మేకలు పోతే ఓటమి అన్నదాని మీద ఊరూరికీ ఒక లెక్క. ఒకే ఎత్తులో వరసగా రెండు మేకల్ని దూకొచ్చా లేదా అన్నది ఇంకో తగువు. నేపాల్‌లో ఆడే బాఘ్‌చాల్‌లో 25 చోట్లు, నాలుగు పులులు, 20 మేకలు. గీతలు వేరైనా పులి ఒక్కింటికి ఐదు మేకలన్న నిష్పత్తి అక్కడా అదే. పులిని బలహీనం చేసిన రూలు ఈ రెంటిలో ఎక్కడా లేదు. దాని బలం దానికి వదిలేసి, సంఖ్య దగ్గర వసూలు చేశారు.

బలాలు సమానంగా లేని ఈ ఇబ్బందే బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆటల్లో మాంత్రికుడి దగ్గర ఎదురవుతుంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ వీటికి మూలం. ఒకరు సూత్రధారిగా కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర, అంటే వీరుడో, దొంగో, మాంత్రికుడో అయి పాచికలు వేస్తారు. మాంత్రికుడి విద్యలు ఎనిమిది శాఖలు. తెలుగులో చెప్పుకోవాలంటే కనికట్టు, వశీకరణం, ఆవాహన, రూపమార్పిడి, రక్షణ, అంజనం, ప్రేతవిద్య, నిప్పూ పిడుగుల విద్య. అన్నీ కొంచెం కొంచెం నేర్చినవాడు మామూలు మాంత్రికుడు. ఒకదాన్నే పట్టుకుని దానికి బదులు ఇంకేదో వదులుకున్నవాడు ప్రత్యేక మాంత్రికుడు. ఏం ఇవ్వాలి, ఏం లాక్కోవాలి అన్నదాని మీద నాలుగు దశాబ్దాలకు పైగా రూలు మారుతూనే ఉంది.

1978 నాటి రూల పుస్తకంలో కనికట్టువాడు విడిగా ఒక పాత్ర. 1989 నాటి రెండో కూర్పు శాఖలన్నిటినీ ఒక చక్రంలో పెట్టి, ఎంచుకున్నదానికి ఎదురుగా ఉన్నవాటిని నిషేధించింది. కనికట్టువాడికి ప్రేతవిద్య, నిప్పూ పిడుగులు, రక్షణ మూడూ బంద్. 2003లో వచ్చిన మూడున్నర కూర్పు ఆ ఎంపికను ఆటగాడికే వదిలేసింది: అంజనం తప్ప ఏవైనా రెండు శాఖలు వదులుకో, అంజనంవాడివైతే ఒక్కటి చాలు. అక్కడే తప్పు జరిగింది. ఆటగాడు తనకు ఎటూ అక్కరలేని రెంటినే వదులుకుంటాడు. బట్టతలవాడు దువ్వెన త్యాగం చేసినట్టు! వచ్చే లాభం మాత్రం చిన్నది కాదు. ఆ కూర్పులో ఐదో స్థాయి మాంత్రికుడికి, తెలివి కొద్దీ కలిసొచ్చేవి పక్కన పెడితే, మూడో మెట్టు మంత్రం రోజుకు ఒక్కటే (స్థాయి మాంత్రికుడిది, మెట్టు మంత్రానిది). ప్రత్యేక విద్యవాడికి అదనంగా ఒకటి, అంటే ఏకంగా రెట్టింపు. ఇరవయ్యో స్థాయికి వచ్చేసరికి ప్రతి మెట్టుకూ నాలుగుండే చోట ఐదవుతాయి, పెరిగింది పావు వంతు. ఒకే కానుక చిన్నప్పుడు నిధి, పెద్దయ్యాక చిల్లర. ఇంటి రూలు రాసేవాళ్ళలో చాలామంది ఈ లెక్క చూడకుండా ఇంకా ఏదో ఒకటి కలిపేస్తారు.

సవరణకు రెండు దారులు మెరుగు. మొదటిది, వదిలే రెండు శాఖల్లో ఒకటి ఆటగాడు, ఒకటి సూత్రధారి ఎంచడం. రెండోది 2009 నాటి పాత్‌ఫైండర్ పద్ధతి. అందులో నిషేధం లేదు, వదులుకున్న శాఖ మంత్రం రెండు మంత్రాల చోటు ఆక్రమిస్తుంది. ఇది పులిజూదం తరహా వసూలు. శక్తి పోదు, వాడిన ప్రతిసారీ ధర కట్టాలి. నిషేధం ఒక్కసారి బాధపెట్టి మరుపున పడుతుంది. ఈ ధర మాత్రం ప్రతి పూటా గుర్తుకొస్తుంది. 2014 నాటి ఐదో కూర్పు నిషేధాన్ని పూర్తిగా ఎత్తేసి, సొంత శాఖ మంత్రాన్ని తన మంత్రాల పుస్తకంలో రాసుకోవడానికి సగం ఖర్చు, సగం సమయం అంది. తగువు తీరింది, కానీ వదులుకోవడంలో ఉన్న రుచి కూడా పోయింది.

పులిజూదానికీ కథల ఆటకీ ఒక తేడా మాత్రం గట్టిది. అరుగు మీద ఒక ఆట పులిగా ఆడినవాడు మరో ఆట మేకలు పట్టుకుంటాడు. రూలు ఎటు మొగ్గిందో సాయంత్రానికే తేలిపోతుంది. కథల ఆటలో ఒకే పాత్రను నెలల తరబడి మోస్తారు, వైపులు మార్చుకునే వీల్లేదు. పైగా మాంత్రికుడు, వీరుడు ఒకే జట్టు. కాబట్టి ఇక్కడ తూకం గెలుపోటములతో తెలియదు. తలుపు తెరవడం, కాపలావాణ్ణి ఏమార్చడం, రాక్షసుణ్ణి పడగొట్టడం అన్నీ మాంత్రికుడే చేసేసి, దొంగ పాత్రధారి పాచిక ముట్టుకోకుండా ఇంటికెళ్ళాడంటే రూలు చెడినట్టే.

అందుకే కొత్త రూలు ఒకసారికి ఒక్కటే పెట్టి, మూడు నాలుగు కూటముల దాకా దాన్ని కదపకూడదు. రెండు కలిపి మారిస్తే ఏది చెడగొట్టిందో తెలియదు. గడువు ఎప్పటిదాకానో ముందే చెప్పాలి, మధ్యలో మార్చడం తొండి కిందే లెక్క. గడువయ్యాక రూలు బిగించాల్సి వస్తే, మాంత్రికుడు అప్పటికే పుస్తకంలో రాసుకున్న మంత్రాలు అలాగే ఉంచి, శాఖను మళ్ళీ ఎంచుకునే అవకాశం ఒక్కసారి ఇవ్వాలి. కొత్త ధర ఆ తర్వాత నేర్చే మంత్రానికే.