ఆరు ఋతువులు, ఒక మేఘం

భారతదేశం చూడటానికి మంచి కాలం ఏదని అడిగితే, అక్టోబరు నుంచి మార్చి దాకా అని పర్యాటక పుస్తకాలు తడుముకోకుండా చెబుతాయి. ఇంత పెద్ద దేశానికి ఒకే జవాబు సరిపోతుందా? ఈ ప్రశ్న మనసులో పెట్టుకొని కాళిదాసు పేర ఉన్న ఋతుసంహారాన్ని, మేఘదూతాన్ని కలిపి చదవాలి. మొదటి కావ్యం చోటు మారకుండా ఏడాదినంతా చూస్తుంది. రెండోది ఒక్క వానాకాలంలో దేశం మీదుగా సాగిపోతుంది.

ఋతుసంహారంలో సర్గలు ఆరు. గ్రీష్మంతో మొదలై వసంతంతో ముగుస్తుంది. ఎండతో ఆరంభించడంలోనే కవికి ఈ నేల ఎంత తెలుసో అర్థమవుతుంది. వేసవిలో భూమి కాగితేనే సముద్రపు తేమగాలి లోపలికి వస్తుంది. తాపానికి తాళలేక పాము నెమలి నీడన చేరడం, శరత్తులో రెల్లు పూయడం, శిశిరంలో వరి, చెరకు నిండుగా ఎదగడం కవి శ్రద్ధగా చూశాడు. చూడదగనిదంటూ ఏ కాలమూ లేదన్నది ఈ కావ్యం నేర్పే పాఠం. కానీ ఇందులో వింధ్యాటవి లాంటి ప్రస్తావనలే తప్ప ఊళ్ల జాడ దాదాపు లేదు. ఈ ఆరు ఋతువుల క్రమం ఉత్తర, మధ్య భారతానికి అమరినట్టు దేశమంతటికీ అమరదు.

మేఘదూతంలో కాలం ఒక్కటే, చోట్లు అనేకం. మేఘం ప్రయాణం మొదలయ్యే రామగిరిని నాగపూర్ దగ్గరి రామ్‌టెక్‌గా చాలామంది గుర్తిస్తారు. అక్కడ బయలుదేరిన మేఘం మాలమనే ఎత్తు నేలల్లో కొత్తగా దున్నిన మట్టిని తడుపుతుంది. ఆమ్రకూట పర్వతం మీద కార్చిచ్చును ఆర్పుతుంది. దశార్ణ దేశంలో మొగలి పూలకూ నేరేడు పండ్లకూ కారణమవుతుంది. విదిశ, ఉజ్జయిని, కురుక్షేత్రం, కనఖలం దాటి కైలాసం చేరుతుంది. వాన ఒకటే అయినా ప్రతి చోటా దాని ఫలితం వేరు. కవి ఎంచుకున్న దిక్కు కూడా నిజానికి దగ్గరగా ఉంది. నైరుతి రుతుపవనం జూన్ 1 ప్రాంతంలో కేరళను తాకి, జూన్ నెలాఖరుకు ఢిల్లీ చేరడం సాధారణం.

మెదక్ సీమలోని కొలచాలానికి చెందిన మల్లినాథసూరి మేఘదూతానికి సంజీవని వ్యాఖ్య రాశాడు. ఋతుసంహారానికి రాయలేదు. అది కాళిదాసు రచన కాదేమోనని సందేహించే పండితులు చూపే కారణాల్లో ఇదీ ఒకటి. కర్త ఎవరైనా, యాత్రికుడికి దారి చూపే గుణం మేఘదూతంలోనే ఎక్కువ.

దానికీ హద్దు ఉంది. రామగిరికి దక్షిణాన ఉన్న దేశం ఆ దారిలో లేదు. నెల్లూరుకు, చెన్నైకి ప్రధానమైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనంతో వస్తాయి. తుపాన్ల భయమూ అప్పుడే ఎక్కువ. పుస్తకాలు చెప్పే ‘మంచి కాలం’ ఈ తీరానికి పూర్తిగా వర్తించదు. ఇక ఉత్తరాన, హిమాలయాల ఆవల ఉన్న లేహ్‌లో ఏడాది మొత్తం మీద కురిసేది సుమారు 10 సెంటీమీటర్లే. నైరుతి మేఘాలను హిమాలయాలు అడ్డుకోవడమే అందుకు కారణం. జనవరిలో గడ్డకట్టే ఆ ఊరికి జూన్ నుంచి సెప్టెంబరు దాకా వెళ్లడం మేలు. ఉత్తరాఖండ్‌లోని పూలలోయ జూలై, ఆగస్టు వానల్లోనే విరబూస్తుంది. అదే రాష్ట్రంలో 2013 జూన్‌లో కేదార్‌నాథ్‌ను వరద ముంచెత్తింది. కాబట్టి అందం ఎప్పుడో తెలుసుకున్నట్టే, ప్రమాదం ఎప్పుడో కూడా తెలుసుకోవాలి.

ఏ కాలాన్నీ చిన్నచూపు చూడని ఓర్పును ఋతుసంహారం నుంచి తీసుకుందాం. చోటును బట్టి కాలాన్ని అర్థం చేసుకునే పద్ధతిని మేఘదూతం నుంచి తీసుకుందాం. రెంటిలో ఒక్కటే ఎంచుకోవలసి వస్తే నా ఓటు మేఘదూతానికే. బడి సెలవులు మే నెలలో వచ్చాయని పిల్లలను రాజస్థాన్ ఎండలకు తీసుకెళ్లకండి. ముందు ఊరు ఎంచుకోండి, తర్వాత ఆ ఊరికి నప్పే నెల ఏదో విచారించండి. సెలవులు మార్చుకోలేకపోతే, ఆ నెలకు తగిన ఊరిని వెతుక్కోండి.