గజం వెడల్పు గుడ్డ మీద మరో లోకం

గ్రాఫిక్ నవలలు చదివే కుర్రకారుకు బాగా తెలిసిన కథ ఒకటుంది. ఎక్కడో ఓ దూరపు గ్రహం. అక్కడ రాజు లేడు, చట్టం లేదు, బలమున్నవాడిదే రాజ్యం. అక్కడికొచ్చి పడ్డ మనిషి ఒట్టి చేతులతో బతికి బట్టకట్టాలి. 1965 నాటి ‘డ్యూన్’ నవల 2020లో బొమ్మల పుస్తకంగా వచ్చి ఎడారి గ్రహాన్ని కొత్త తరానికి మళ్లీ చూపించింది. నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, ఎవరిని నమ్మాలి, ఏ పని చేతనైతే నలుగురిలో చోటు దొరుకుతుంది అన్నవే ఇలాంటి కథలను నడిపించే ప్రశ్నలు.

సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతపు పద్మశాలీలకు ఈ తరహా కథ అచ్చులోకి రాకముందే గుడ్డ మీదికి వచ్చింది. గజం వెడల్పు, ముప్పై నుంచి అరవై అడుగుల పొడవు ఉండే పటాన్ని చుట్టచుట్టి తెచ్చేది కూనపులివారు. పద్మశాలీలకు వాళ్లు ఆశ్రితులు. మార్కండేయ పురాణం, భావనారుషి కథ చెప్పి కట్నం పుచ్చుకునే హక్కు వాళ్లది.

ఆ కథ మొదట్లో లోకానికి బట్ట లేదు. దేవతలకూ లేదు. మార్కండేయుడు యాగం చేస్తే హోమగుండంలోంచి భావనారుషి పుట్టుకొస్తాడు. విష్ణుమూర్తి నాభికమలపు నూలుతో బట్ట నేస్తాడు. సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడతాడు. కాలవాసురుడనే రాక్షసుడితో తలపడతాడు, ఆయనకు పులి తోడు నిలుస్తుంది. కట్టుబాటు లేని లోకంలోకి నేత వస్తుంది, దాని వెంట పెళ్లి, వంశం, కులం, హక్కులు వస్తాయి. మగ్గం ముందు కూర్చునేవాళ్లకు ఇది తమ వంశచరిత్ర. గ్రహాంతర నవలాకారులు ఊహించి కట్టే లోకానికున్నంత విస్తారం దీనికీ ఉంది. పైగా వినేవాళ్లంతా ఆ వంశంవాళ్లే కావడం వల్ల కథకుడు ఒక్క ఘట్టం దాటేసినా ఊరుకోరు.

పటం రాసేది నకాశీలు. ఇప్పుడు ఆ పని ప్రధానంగా సిద్దిపేట జిల్లా చేర్యాలలో, ధనాలకోట వైకుంఠం కుటుంబం లాంటి కొద్ది ఇళ్లలో మిగిలింది. ముందు ఖాదీ గుడ్డ తీసుకుంటారు. సుద్దమట్టి, గంజి, చింతగింజల అంబలి, బంకనీళ్లు కలిపి పూస్తారు. ఎండాక మళ్లీ పూస్తారు. ఒక పూత పూర్తిగా ఆరకుండా మరోటి వేస్తే, పటం చుట్టినప్పుడు పగుళ్లిస్తుంది. వేల సార్లు విప్పి చుట్టాల్సిన గుడ్డ గనక ఈ దశలో తొందర పనికిరాదు. ఆ తర్వాత ఉడత వెంట్రుకల కుంచెతో నేరుగా గీత గీస్తారు. నేపథ్యమంతా ఎర్రరంగు నింపుతారు. పసుపు, నీలం, తెలుపు దాని మీద నిలుస్తాయి. నల్లగీత చివర్లో వస్తుంది.

ఆ ఎరుపు అందం కోసమే వేసింది కాదు. పటం కథ నడిచేది రాత్రిపూట, దీపం వెలుగులో. వెనక వరసలో కూర్చున్న ముసలమ్మకు కూడా బొమ్మ ఆనాలి. ఎర్రటి నేల మీద పసుపుపచ్చని ఆడబొమ్మ, నీలిరంగు దేవుడు, ముదురు రంగు రాక్షసుడు దూరం నుంచే విడివిడిగా తెలుస్తారు. ఎవరు ఎవరో చెప్పడానికి పేర్లు రాయనక్కర్లేదు, రంగే చెబుతుంది. అడవి అంటే నాలుగు చెట్లు. రాజమందిరం అంటే రెండు స్తంభాలు, మధ్య వేలాడే తెర. అక్కడ చోటు ఎక్కువ తీసుకునేది మనుషులే.

ఘట్టాలు అడ్డంగా అరలుగా ఉంటాయి, అరకూ అరకూ మధ్య పూలతీగల అంచు నడుస్తుంది. అంచు దాటితే కాలం కూడా దాటినట్టే. ఒకే అరలో భావనారుషి రెండుసార్లు కనిపించవచ్చు: ఎడమవైపు బయలుదేరుతూ, కుడివైపు యుద్ధంలో. బొమ్మల కథల చిత్రకారులు గళ్లు గీసి సాధించేదాన్ని నకాశీ ఒక చెట్టు మొదలుతో సాధిస్తాడు.

అసలైన తేడా మాటల దగ్గర వస్తుంది. ఫ్రెంచి చిత్రకారుడు మోబియస్ 1975లో ‘అర్జాక్’ను మాటలు లేకుండా గీశాడు, పాఠకుడు మౌనంగా బొమ్మలు చదువుకోవాలి. పటంలోనూ అక్షరం ఉండదు, అయితే దాని మాటలన్నీ కథకుడి నోట్లో ఉంటాయి. కర్రల ఆసరాతో పటాన్ని వేలాడదీసి, పైనుంచి కిందికి ఒక్కో అర విప్పుతూ, చేతిలో పుల్లతో బొమ్మను తాకుతూ కథకుడు పాడతాడు. వంతలు అందుకుంటారు. తాళం, మద్దెల, ఇటీవల హార్మోనియం తోడు. కింది అర చుట్టలోనే ఉండిపోతుంది, ఎంత తొందరపడినా ముందు కథ కనపడదు. కథకుడు ఒక బొమ్మ దగ్గర రెండు ముక్కలతో సరిపెట్టి, పక్క బొమ్మ దగ్గర గంటసేపు ఆగగలడు. పుల్ల ఎక్కడ ఆగితే జనం కళ్లు అక్కడ ఆగుతాయి. రాత్రుల తరబడి సాగే కథకు ఆ పుల్లే పగ్గం.

మిగతా కులాలకూ ఇలాంటి ఏర్పాట్లున్నాయి. మాదిగలకు డక్కలివాళ్ల జాంబపురాణం, ముదిరాజులకు కాకిపడగలవాళ్ల పాండవుల కథ, రజకులకు మడేలు పురాణం. గొల్లలకు మందెచ్చులవాళ్లు పటానికి బదులు కొయ్యబొమ్మలు చూపి కథ చెబుతారు. ఊళ్లను మిరాశిగా పంచుకుని, ఒకరి ఊళ్లోకి మరొకరు పోకుండా తరతరాలుగా నడిచిన పద్ధతి ఇది. శిథిలమైన పటాన్ని పారేయరు. దానికి పూజ చేసి, మనిషిని సాగనంపినట్టు సాగనంపి నీళ్లలో వదులుతారు. పాత పటాలు అరుదుగా దొరకడానికి ఇదీ ఒక కారణం. అలా పోగా దక్కినవాటిలో 17వ శతాబ్దం నాటి భావనారుషి పటం ఒకటి హైదరాబాద్‌లోని జగదీశ్, కమల మిత్తల్ మ్యూజియంలో ఉంది. కీర్తన తంగవేలు 1998లో బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధన ఈ తెలంగాణ పటాల మీదే.

చేర్యాల బొమ్మలకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. ముఖాలు, గోడపటాలు, చిన్నచిన్న ఫ్రేములు అమ్ముడుపోతున్నాయి, నకాశీల ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది. అరవై అడుగుల కథ మాత్రం అడుగు చదరపు బొమ్మకు కుదించుకుపోయింది. ఆ ఫ్రేములో ఎరుపు ఉంటుంది, పూలతీగ ఉంటుంది, తర్వాత ఏమవుతుందన్న ఉత్కంఠ ఉండదు. శైలికి రక్షణ దొరికింది, కథనానికి దొరకలేదు. సిరిసిల్లలో మరమగ్గాలు వచ్చాయి, భివండీకీ సూరత్‌కూ వలసలు జరిగాయి, కోరుట్ల, జగిత్యాలల నుంచి మనుషులు గల్ఫ్ ఎడారులకు వెళ్లారు. కట్నమిచ్చి రాత్రుల తరబడి కథ చెప్పించుకునే తీరిక ఏ వాడకు ఉంది?

అయినా దారులున్నాయి. గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ 2011లో ‘భీమాయన’ గీశారు. అంబేద్కర్ జీవితాన్ని గళ్లలో బిగించబోమని చెప్పి తమ సొంత పద్ధతిలో గీసిన పుస్తకమది. అదే ఏడు బెంగాల్ పటచిత్రకారిణి మొయినా చిత్రకార్ బొమ్మలతో ‘సీతాస్ రామాయణ’ వచ్చింది. నకాశీ కుంచె కూడా అలాంటి పనికి సిద్ధంగానే ఉంది. చట్టం లేని ఎర్రటి గ్రహానికి ఇంగిలీకపు ఎర్రనేల కంటే తగినది ఏముంటుంది? కాలవాసురుడిని గీసిన చేతికి గ్రహాంతర దొంగలు కష్టం కాదు. పాస్‌పోర్టు యజమాని పెట్టెలో ఉండిపోయిన గల్ఫ్ కార్మికుడి కథను అలాంటి గ్రహం మీద పెట్టి రాస్తే, ఈ మూడు ఊళ్లలో దాన్ని విడమరిచి చెప్పాల్సిన పని ఉండదు. దక్షిణ కొరియా వెబ్‌టూన్లు అలవాటు చేసిన తీరులో, బొమ్మల కథను పైనుంచి కిందికి వేలితో జరుపుతూ చదవడం ఇవాళ ఫోన్ పట్టుకున్న ప్రతి పిల్లాడికీ వచ్చు. పటం విప్పుకునేది కూడా అటే.

ఈలోగా చేయాల్సిన పని ఒకటుంది. పటాలను ఫొటోలు తీసి దాచడం కొంత జరిగింది. కూనపులి కథకులు ఇంకా పాడగలుగుతున్నప్పుడే కథ మొత్తాన్ని, పటంతో సహా, సిరిసిల్లలోనో కోరుట్లలోనో పద్మశాలీల మధ్యే రికార్డు చేయాలి. పుల్ల ఏ బొమ్మ మీద ఎంతసేపు ఆగింది, ఎక్కడ వంత మారింది, ఏ ఘట్టం దగ్గర జనంలోంచి ఎవరు అడ్డుపడి ఏమడిగారు అన్నవన్నీ ఆ రికార్డులో వినపడాలి, కనపడాలి.