కలం ఆగినప్పుడు అవధానం

ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలోని నెమలి పేరెత్తితే ముందు గుర్తొచ్చేది వేణుగోపాలస్వామి గుడి. అక్కడి బడిపిల్లవాణ్ణి 'మా ఊరు' మీద రాయమంటే మాత్రం "మా ఊరు చాలా అందమైనది" అని రాసి ఆగిపోతాడు. చెయ్యి తిరిగిన రచయితలకూ ఈ తంటా తప్పదు. చెప్పడానికి లేక కాదు, ఎక్కడ అందుకోవాలో తోచక. సభలో అడిగినవారికల్లా అప్పటికప్పుడు పద్యం చెప్పే మన అవధానంలో దీనికి మంచి మందు ఉంది. అవధానాన్ని పాండిత్య ప్రదర్శనగా చూసి, చప్పట్లు కొట్టి వచ్చేస్తున్నాం.

నిషిద్ధాక్షరి చూడండి. వేణుగోపాలుడి మీద పద్యం అడిగారనుకుందాం. అవధాని 'వే' అన్నాడు. తరువాత 'ణు' వస్తుందని సభ అంతటికీ తెలుసు. ప్రశ్న వేసిన పృచ్ఛకుడు ణకారం వద్దంటాడు. అవధాని 'ల్పు' అంటాడు. వేణువు పోయి వేల్పు వచ్చాడు. గురువు, లఘువు అలాగే ఉన్నాయి, నడక చెడలేదు. పద్యం మాత్రం ఎవరూ ఊహించని దారి పట్టింది. వచనం రాసేవారూ 'అందమైన', 'ప్రశాంతమైన', 'ప్రసిద్ధి చెందిన' అన్న మాటల్ని తమకు తామే నిషేధించుకోవచ్చు. అప్పుడిక కంటితో చూసింది రాయక తప్పదు.

దత్తపదిలో నాలుగు మాటలిస్తారు, నాలుగూ పద్యంలో ఇమడాలి. మామిడి, మిరప, కట్టలేరు, వేణువు ఇచ్చి ఆ పిల్లవాణ్ణి ఒక్క పేరా అడగండి. కట్టలేరు వాగుకూ మామిడి తోటకూ ఏం సంబంధం, మిరప కోతల డబ్బుకూ గుడి ఉత్సవానికీ ఏం సంబంధం అని ఆలోచనలో పడతాడు.

నన్నడిగితే అసలు కిటుకు ఆవృత్తుల్లో ఉంది. అష్టావధానంలో సమస్య, దత్తపది, వర్ణన వంటివాటిని ఒక్క విడతలో ముగించరు. ఆవృత్తికి ఒక పాదం చొప్పున నాలుగు ఆవృత్తుల్లో పద్యం పూర్తవుతుంది. ఈలోగా గంట ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టాలి, సంబంధం లేని మాటలతో అడ్డుపడే అప్రస్తుత ప్రసంగికి జవాబివ్వాలి. సగంలో వదిలిన పద్యం లోపల నలుగుతూనే ఉంటుంది. ఒకే పేరాతో పొద్దంతా కుస్తీ పట్టేకన్నా, మూడు నాలుగు చోట్ల ఒక్కో వాక్యం రాసి మళ్ళీ మొదటిదానికి రావడం మేలు.

వ్యస్తాక్షరిలో ఒక వాక్యంలోని అక్షరాలను, వాటి స్థానాల అంకెలతో, వరస తప్పించి మధ్యమధ్య అందిస్తారు. చివర అవధాని వాక్యం కూర్చి చెబుతాడు. ఆలోచనలూ వరసగా రావు. వచ్చినవి వచ్చినట్టు చీటీల మీద రాసుకుని, అంకెలు తరువాత వేసుకోవాలి.

అవధాని రాయడు, నోటితోనే చెబుతాడు. అవధానాలకు పేరుపడ్డ తిరుపతి వెంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి (1870–1950) బందరు హిందూ హైస్కూల్లో తెలుగు చెప్పారు. ఆయన శిష్యుడు విశ్వనాథ సత్యనారాయణ 'వేయి పడగలు' నవలను ఆశువుగా చెబుతుంటే తమ్ముడు రాసుకున్నారు. కాగితం ముందు బిగుసుకుపోయేవారు కూడా ఎదుట మనిషి ఉంటే ధారాళంగా మాట్లాడతారు.

చివరిది ధారణ. అవధాని పద్యాలన్నీ మొదటినుంచి అప్పజెబుతాడు. మీరూ రాసింది మూసేసి, ఇంట్లో ఎవరికైనా చెప్పి చూడండి. గుర్తురాని పేరాను కొట్టేయవచ్చేమో ఆలోచించండి. అన్నిటికన్నా ముందు నోట వచ్చిన సంగతి మూడో పేజీలో ఉంటే, మొదటికి తెచ్చి మళ్ళీ చదవండి.