కడచూపు దాకా నిలిపే విద్య

దశరథుడు ప్రాణం విడిచేనాటికి నలుగురు కొడుకుల్లో ఒక్కడూ దగ్గర లేడు. రామలక్ష్మణులు అడవిలో ఉన్నారు, భరత శత్రుఘ్నులు కేకయలో మేనమామ ఇంట ఉన్నారు. కొడుకు లేకుండా రాజుకు దహనం చేయడం తగదని మంత్రులు దేహాన్ని తైలద్రోణిలో ఉంచి, భరతుడికి కబురు పంపారు. అతడు వచ్చి తండ్రి ముఖం చూసుకున్నాకే చితి వెలిగింది. గల్ఫ్‌కు వలస వచ్చిన తెలుగువాళ్ల విషయంలో ఇదంతా తిరగబడింది. ఇక్కడ పోయేది కొడుకు, ఊళ్లో ఎదురుచూసేది తల్లిదండ్రులు, సముద్రం దాటి ప్రయాణం చేయాల్సింది దేహమే. ఆనాడు నూనె తొట్టి చేసిన పని ఈనాడు ఫార్మాలిన్ చేస్తోంది. ఆ విద్య పేరు ఎంబామింగ్.

ఒమన్ రాజధాని మస్కట్‌లో రువి పేటను ఆనుకుని, బోడి కొండల నడుమ ఉంటుంది వాడి కబీర్. గ్యారేజీలు, ఫర్నిచర్ పనిశాలలు, గోదాములు ఒక పక్క, అద్దె ఫ్లాట్లు ఒక పక్క. 1991లో మొదలైన ఇండియన్ స్కూల్ ఇక్కడే ఉంది. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి, గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి వచ్చి మస్కట్‌లో బతుకుతున్నవాళ్లకు ఇది బాగా తెలిసిన పేట. వాళ్లలో ఎవరైనా నిద్రలోనే పోయినా, రోడ్డు ప్రమాదంలో పోయినా, ఊరి నుంచి వచ్చే మొదటి ఫోన్‌లో ఏడుపు తర్వాత వినిపించే ప్రశ్న ఒకటే: "బాడీ ఎప్పుడొస్తది?" రెండోది కాస్త ఆగి, గొంతు తగ్గించి అడుగుతారు: "ముఖం చూడనిస్తరా?" ఈ రెండో ప్రశ్నకు జవాబు మార్చురీలో ఎంబామర్ చేతిలో ఉంటుంది.

ఒమానీలకు ఈ విద్యతో పనిలేదు. ఇస్లాం ఆచారంలో దేహానికి స్నానం చేయించి, కఫన్ వస్త్రం చుట్టి, నమాజు చేసి, వీలైనంత త్వరగా, చాలాసార్లు ఆ రోజే, ఖననం చేస్తారు. మన తెలుగు ముస్లింలలో కొందరి కుటుంబాలు అదే మేలనుకుని ఇక్కడి మట్టికే అప్పగిస్తాయి. హిందువులకు సోహార్‌లో దహనవాటిక ఉంది. అయినా ఎక్కువమంది కోరుకునేది ఇంటికి పంపమనే. అంటే ఈ దేశంలో ఎంబామింగ్ దాదాపుగా పరదేశుల కోసం, అందులోనూ కూలినాలి చేసుకునేవాళ్ల కోసం జరిగే సేవ. చేసేవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు. వాళ్ల పనికి ఊళ్లో ఒక తల్లి ఇచ్చే విలువ కూడా ఏ పత్రంలోనూ నమోదు కాదు.

చట్టం కూడా ఎంబామింగ్‌నే అడుగుతుంది. మన దేశంలోకి విమానంలో మృతదేహాన్ని తేవడానికి 1954 నాటి విమాన ప్రజారోగ్య నియమాలు వర్తిస్తాయి. మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ చేసినట్టు సర్టిఫికెట్, పెట్టెను గాలి చొరకుండా మూసినట్టు పత్రం, రాయబార కార్యాలయం ఇచ్చే ఎన్‌ఓసీ, రద్దు చేసిన పాస్‌పోర్టు ఉంటేనే పెట్టె విమానం ఎక్కుతుంది.

ఇక పని దగ్గరికి వస్తే, మనిషి చనిపోగానే దేహం రెండు వైపుల నుంచి చెడటం మొదలవుతుంది. కణాల్లోని ఎంజైములు తమ కణాలనే కరిగిస్తాయి. పేగుల్లోని బాక్టీరియా కట్టుబాటు లేక ఒళ్లంతా పాకుతుంది. ఫార్మాల్డిహైడ్ ప్రోటీన్లను ఒకదానితో ఒకటి ముడివేసి బిగిస్తుంది. అలా బిగిసిన ప్రోటీన్ ఎంజైముకు లొంగదు, బాక్టీరియాకు తిండి కాదు. ఎంబామింగ్‌లోని రసాయన రహస్యం ఇంతే. మిగిలినదంతా ఆ మందును తల నుంచి కాలి బొటనవేలి దాకా సమంగా చేర్చే చేతి నేర్పు.

మందు చేర్చడానికి కొత్త దారి వెతకనక్కర్లేదు. బతికున్నప్పుడు నెత్తురు నడిచిన దారే ఇప్పుడూ దారి. పద్దెనిమిదో శతాబ్దంలో స్కాట్లాండ్ వైద్యుడు విలియం హంటర్ ధమనుల ద్వారా మందు ఎక్కించే పద్ధతిని స్థిరపరిచాడు. ఆ తర్వాత అమెరికా అంతర్యుద్ధంలో దూరాన చచ్చిన సైనికులను ఇళ్లకు పంపాల్సి వచ్చినప్పుడు ఇది ఒక వృత్తిగా నిలదొక్కుకుంది. 1865లో లింకన్ దేహం రైల్లో ఊరూరా ఆగుతూ వెళ్లడంతో జనానికి నమ్మకం కుదిరింది. అప్పట్లో ఆర్సెనిక్, పాదరసం లవణాలు వాడేవారు. అవి చేసేవాళ్ల ప్రాణాలకే ముప్పు కావడంతో ఆ స్థానంలోకి ఫార్మాల్డిహైడ్ వచ్చింది. గమనించండి, ఈ వృత్తిని పుట్టించింది కూడా ఇంటికి దూరంగా వచ్చిన చావే.

దేహాన్ని బల్లమీద పడుకోబెట్టి, తల కొంచెం ఎత్తులో ఉంచి, క్రిమిసంహారక సబ్బునీళ్లతో కడుగుతారు. బిగుసుకున్న కీళ్లను నెమ్మదిగా వంచుతూ, మర్దన చేస్తూ సడలిస్తారు. మందు ఎక్కించకముందే ముఖం దిద్దాలి. ఎందుకంటే మందు ఎక్కాక కండ ఏ తీరులో ఉంటే ఆ తీరులోనే బిగుస్తుంది, తర్వాత దిద్దుదామంటే కుదరదు. రెప్పలు లోపలికి కుంగకుండా వాటి కింద పలుచటి టోపీ లాంటి ముక్కో, దూదో పెడతారు. నోటిని లోపలి నుంచి కుట్టు వేసి మూస్తారు. ఇక్కడే మంచి చేయికీ, మామూలు చేయికీ తేడా తెలుస్తుంది. పెదవులు గట్టిగా అదిమితే కోపంగా ఉన్నట్టుంటుంది, వదులైతే పళ్లు కనబడతాయి. నిద్రలో ఉన్నట్టు రెండు పెదవులూ తేలిగ్గా తాకి ఉండాలి. ఆరిపోకుండా వాటికి క్రీము రాస్తారు, లేకపోతే రెండు రోజుల్లో నల్లబడి ఎండిపోతాయి. మీసం దువ్వడం, గడ్డం గీయడం చిన్న పనులుగా కనిపిస్తాయి. కానీ ఎప్పుడూ గడ్డం పెంచని మనిషి వారం గడ్డంతో ఇంటికి చేరితే భార్య మొదట చూసేది అదే.

తర్వాత మెడ కింద, కాలర్ ఎముక పైన చిన్న గాటు పెట్టి కరోటిడ్ ధమనిని పైకి తీస్తారు. గజ్జల్లో తొడ ధమనిని వాడటమూ ఉంది. ధమనిలోకి గొట్టం దించి, యంత్రంతో నెమ్మదిగా మందు పంపుతారు. పక్కనే ఉన్న సిర నుంచి నెత్తురు బయటకు వస్తుంది. డెబ్భై కిలోల మనిషికి పది పన్నెండు లీటర్ల ద్రావణం పడుతుంది. అందులో ఫార్మాల్డిహైడ్ ఒక్కటే కాదు, మిథనాల్, నెత్తురు గడ్డలను కరిగించేవి, చర్మం ఎండకుండా గ్లిజరిన్, పోయిన రంగు తెప్పించే అద్దకం కూడా కలుస్తాయి. తొందరపడి ఒత్తిడి పెంచితే ముఖం ఉబ్బుతుంది, ఉబ్బిన ముఖం మళ్లీ తగ్గదు. ఎంబామర్ చూపు యంత్రం మీద కన్నా వేళ్ల కొసల మీద, చెవి తమ్మెల మీద ఎక్కువగా ఉంటుంది. మందు చేరిన చోట గోళ్ల కింద రంగు మారుతుంది, చర్మం గట్టిపడుతుంది. చేరని చేతిని మోచేతి నుంచి అరచేతి వైపు మర్దన చేస్తారు. అప్పటికీ చేరకపోతే ఆ చేతికి విడిగా ధమని వెతికి ఎక్కిస్తారు.

ధమనుల దారి కడుపులోని ఖాళీలకు చేరదు. అందుకని బొడ్డు దగ్గర ట్రోకార్ అనే పొడవాటి సూది గొట్టం దించి, లోపలి ద్రవాలను, వాయువులను లాగేసి, గాఢమైన మందు పోస్తారు. ఇది సరిగ్గా చేయకపోతే ముఖం ఎంత బాగున్నా దారిలో పొట్ట ఉబ్బుతుంది.

ఇదంతా సహజ మరణమై, దేహం త్వరగా చేతికి వస్తే జరిగే తీరు. పోస్టుమార్టం అయిన దేహంలో ధమనుల దారి మధ్యలోనే తెగిపోయి ఉంటుంది. అప్పుడు మెడకు రెండు పక్కలా, రెండు చేతులకు, రెండు కాళ్లకు విడివిడిగా ఆరు చోట్ల ఎక్కించాలి. లోపలి అవయవాలకు వేరుగా మందు పట్టించాలి, పుర్రె మీద కుట్టు జుట్టులో కలిసిపోయేలా వేయాలి. ప్రమాదాలు, హత్యలు, ఆత్మహత్యలు, అనుమానాస్పద మరణాలు అన్నీ ఈ దారినే వస్తాయి. 2024 జులై 15 రాత్రి వాడి కబీర్ మసీదు దగ్గర జరిగిన కాల్పుల్లో పోయినవాళ్లలో ఒక భారతీయుడూ ఉన్నాడు. అలాంటి చావుల్లో పోలీసు విచారణ ముగిశాకే మార్చురీ తలుపు తెరుచుకుంటుంది.

పచ్చకామెర్లతో పోయినవారి సంగతి వేరు. వాళ్ల ఒంట్లోని పసుపు రంగు బిలిరుబిన్ ఫార్మాల్డిహైడ్ తగలగానే ఆకుపచ్చ బిలివర్దిన్‌గా మారుతుంది. తెలియనివాడు మామూలు మందే గాఢంగా ఎక్కిస్తే ముఖం పచ్చబడిపోతుంది. తెలిసినవాడు ఫార్మాల్డిహైడ్ తక్కువ ఉన్న మందు ఎంచుకుంటాడు. ఊళ్లో పెట్టె తెరిచి "మా పిల్లగానికి విషం పెట్టిన్రు" అని గుండెలు బాదుకునే ఇళ్లలో కొన్నింటి వెనక ఇలాంటి రంగు మార్పే ఉండొచ్చు. అనుమానం ఉంటే అడగాల్సిందే, విచారణ కోరాల్సిందే. రంగు ఒక్కదాన్నే సాక్ష్యంగా పట్టుకోవద్దని మాత్రం చెప్పగలను.

ఎంబామింగ్ చేయలేనివి కూడా చెప్పాలి. అది కాలాన్ని వెనక్కి తిప్పదు. మస్కట్ ఎండాకాలంలో 45 డిగ్రీల వేడిలో తలుపు మూసిన గదిలో రెండు రోజుల తర్వాత కనిపించిన దేహాన్ని ఏ మందూ మునుపటిలా చేయదు. నెలల తరబడి ఫ్రీజర్‌లో ఉండి గడ్డకట్టిన దేహానికీ ఫలితం అంతంతమాత్రమే. అంత్యక్రియల కోసం చేసే ఎంబామింగ్ కొన్ని రోజులకు, మహా అయితే వారాలకు ఉద్దేశించింది. వైద్య కళాశాలల అనాటమీ విభాగాల్లో ఏళ్ల తరబడి నిలిపేది చాలా గాఢమైన పద్ధతి, అందులో ముఖం అందం లెక్కలోకి రాదు. మనకు కావాల్సింది మొదటిదే.

ఈ కొద్ది రోజుల వ్యవధి ఎందుకంత విలువైనదో మన ఆచారాలు చూస్తే తెలుస్తుంది. దేహానికి నీళ్లు పోయాలి, కొత్త బట్ట కప్పాలి, నోట్లో బియ్యం వేయాలి. పాడెను శ్మశానం దారిలో దింపుడు కళ్లం దగ్గర దించి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి. పోయిన మనిషి ఎదురుగా ఉంటేనే ఇవి సాగుతాయి. దేహం దొరకనివాళ్లకు శాస్త్రం మోదుగ ఆకులతో ప్రతిమ చేసి దహించే విధి చెప్పింది. ఆ విధి జరిపిన ఇళ్లలో ఏళ్లు గడిచినా తలుపు చప్పుడైతే తల్లి లేచి చూస్తుంది. కళ్లతో చూసిన చావును మనసు ఒప్పుకున్నట్టు, విన్న చావును ఒప్పుకోదు.

2020లో ఇది అందరికీ అనుభవమైంది. కోవిడ్‌తో పోయినవారికి ఎంబామింగ్ చేయకూడదని ఆ ఏడాది మార్చిలోనే మన ఆరోగ్య శాఖ మార్గదర్శకాల్లో చెప్పింది. గల్ఫ్‌లో కోవిడ్‌తో పోయిన మనవాళ్ల అంత్యక్రియలు చాలావరకు అక్కడే జరిగాయి. ఇంటివాళ్లు ఫోన్ తెరలో చూశారు. కడచూపు లేని ఆ దుఃఖం ఇంకా చాలా ఇళ్లలో తేలలేదు.

నేను గట్టిగా నమ్మేది ఒక్కటే. ముఖాన్ని పాడుచేసేది మందు కాదు, ఆలస్యం. ఎంబామింగ్ నైపుణ్యం ఎంతున్నా, దేహం చేతికి రావడానికి పట్టే రోజులే ఫలితాన్ని తేలుస్తాయి. ఆ రోజుల్లో ఎక్కువ భాగం కాగితాలకే పోతుంది. అర్బాబ్ (యజమాని) సంతకం, బతాకా (గుర్తింపు కార్డు) నకలు, ఊరి నుంచి రావాల్సిన అంగీకార పత్రం, ఖర్చు ఎవరిదన్న బేరం. ఖర్చు స్పాన్సర్ భరించాలన్నది గల్ఫ్‌లో సాధారణ నియమం. అర్బాబ్‌ను వదిలి ఖల్లివల్లిగా, అంటే సరైన కాగితాల్లేకుండా, తిరిగేవాడు పోతే చిక్కు రెట్టింపవుతుంది. అలాంటప్పుడు 2009లో ఏర్పాటైన భారతీయ సంక్షేమ నిధి నుంచి డబ్బు ఇవ్వమని అల్‌ఖువైర్‌లోని మన రాయబార కార్యాలయాన్ని అడగవచ్చు. విమానాశ్రయంలో అనుమతి త్వరగా ఇవ్వడానికి కేంద్రం 2023లో ఈకేర్ పోర్టల్ తెచ్చింది. శంషాబాద్ నుంచి ఊరికి తెలంగాణ ప్రభుత్వం ఉచితంగా అంబులెన్సు ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌వారికి ప్రవాసాంధ్రుల సంస్థ ఈ సాయం చేస్తుంది. గల్ఫ్‌లో పోయిన కార్మికుల కుటుంబాలకు ఐదు లక్షల సాయం ఇవ్వాలని తెలంగాణ 2024లో ఉత్తర్వులు ఇచ్చింది.

పెట్టె ఇంటికి చేరాక కొన్ని జాగ్రత్తలు పాటించండి. ఇరుకు గదిలో తెరవకండి, వాకిట్లో తెరవండి. మొదట వచ్చే ఘాటు కళ్లను మండిస్తుంది, కాసేపు దూరంగా ఉండి గాలి ఆడనివ్వండి. పసిపిల్లలను, ఉబ్బసం ఉన్నవాళ్లను వెంటనే దగ్గరికి రానివ్వకండి. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. రోజూ ఆ గాలి పీల్చుతూ మన బిడ్డల ముఖాలు దిద్దే మార్చురీ సిబ్బందికి మంచి మాస్కు, గాలి ఆడే గది ఇవ్వమని అడగడం కూడా మన బాధ్యతే. నీళ్లు పోయాలనుకుంటే చేతులకు తొడుగులు వేసుకుని, తడి గుడ్డతో తుడవండి చాలు. దహనానికి ముందు దేహాన్ని జింకు పెట్టెలోంచి బయటికి తీయండి.

గల్ఫ్‌కు బయలుదేరే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. ప్రవాసీ భారతీయ బీమాకు రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు. పది లక్షల రక్షణతోపాటు దేహాన్ని ఇంటికి చేర్చే ఖర్చు కూడా అందులో ఉంది. ఆ బీమా కాగితం, పాస్‌పోర్టు, వీసా నకళ్లు, స్పాన్సర్ పేరు, ఇక్కడి ఒక స్నేహితుడి నంబరు ఇంట్లో పెట్టి రండి. ఎక్కడ పెట్టారో అమ్మకో, భార్యకో చూపించి రండి.